గద్వాలలో వంకర మోరీ

నాగర్‌కర్నూల్ బస్టాండులో ఉదయం ఏడింటికి వనపర్తి బస్సు ఎక్కాం. నేను, మా గల్లీలో కూరగాయలమ్మే అనంతమ్మ. మాది పట్టాల్లేని ఇళ్ల గల్లీ. మురికినీళ్లు నడిమధ్య నుంచి పారతాయి. మోరీ కట్టాలంటే ప్రతి ఇంటివాళ్లూ ఇంటి ముందు కొంత జాగా వదలాలి. అనంతమ్మ తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆమె ఇంటి అరుగు మోరీ దారిలోకి వచ్చింది. గద్వాలలో ఇలాంటి బస్తీవాళ్లే కూర్చుని మాట్లాడుకుని మోరీ వేయించుకున్నారని విని, చూసి రమ్మని మమ్మల్ని పంపారు. కావాలనేవాళ్ల తరఫున నేను, వద్దనేవాళ్ల తరఫున ఆమె. వద్దనేది ఆమె ఒక్కతే కాబట్టి ఎంపిక తేలికైంది.

ఆధార్ చూపించి ఆమె సున్నా టికెట్ తీసుకుంది. "నీకు పైసలు, నాకు ఫిరీ. నాకు దొరికిన లాభం గిదొక్కటే అన్నా" అంది.

వనపర్తిలో టీ తాగి, పెబ్బేరు మీదుగా పోయే గద్వాల బస్సు ఎక్కాం. పక్క సీట్లో ఒక ముసలి రైతు ఏం పని మీద పోతున్నారని అడిగాడు. మోరీ చూడటానికన్నాను.

"గద్వాల్ల కోట ఉన్నది గద సారూ" అన్నాడు జాలిగా.

మధ్యాహ్నం కాకముందే దిగాం. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. వెళ్లేవారికి సూచన: బజ్జీ ఒకటి చాలు.

బస్తీకి నడిచే పోవచ్చు. చీరలు నేసే సావిత్రమ్మ మాకు మోరీ చూపించింది. బండలు పరిచిన మోరీ తిన్నగా వచ్చి, ఒక ఇంటి మెట్ల దగ్గర వంగి, మళ్లీ తిన్నగా పోయింది.

"గా ఇంటాయన జాగ ఇయ్యనన్నడు. గుంజుకోవద్దనుకున్నం. వంపు తిప్పినం. చెత్తంత గాడనే ఆగుతది. ఇప్పుడు రోజూ ఆయనే కట్టెతోని తోస్తుండు."

ఆయన నిజంగానే కట్టె పట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి అటు తిరిగి చెత్త తోయసాగాడు.

సావిత్రమ్మ వదులుకున్నది ముందరి గోడ. అక్కడే మగ్గం గుంత ఉండేది. గుంత పూడ్చి, మగ్గాన్ని వెనక గదిలోకి మార్చారు. ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను.

"మా అత్తకు గుండెల నొప్పొస్తే మురికినీళ్లల్ల ఆటో లోపలికి రాలె. మంచం మీద మోసుకపోయినం. దవాఖాన చేరేటాలకు పానం పోయింది."

అనంతమ్మ ముందుకొచ్చి అడిగింది. "ఇచ్చినంక బాధ కాలేదా చెల్లె?"

"ఎందుకు గాదక్కా! మా ఆయన చానా దినాలు మాట్లాడలె. ఇప్పుడు వెనక అర్రల చీకటున్నదని అరుస్తడు. కిటికీ వెట్టిస్తమన్నరు గల్లీవాళ్లు. ఇంకా వెట్టలె."

"అరిస్తే నయమే. మా ఆయనకు పక్షవాతమొచ్చి నోరు, కాలు వడిపోయినయి. పొద్దంత అరుగు మీద కూసోని వచ్చేటోళ్లను, పోయేటోళ్లను సూస్తడు. అరుగు తీస్తే గోడను సూడాలె."

ఆయన్ని నేను రోజూ చూస్తాను, తల ఊపుతాను. మా మీటింగుల్లో అరుగు ఎప్పుడు తీస్తావని అనంతమ్మను చాలాసార్లు అడిగాం. ఎందుకు తీయనంటున్నావని ఒక్కరమూ అడగలేదు. సావిత్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వాళ్లిద్దరూ చాలాసేపు బయటికి రాలేదు. నేను మోరీ చూస్తూ నిలబడ్డాను. బాగానే కట్టారు.

తిరుగు ప్రయాణంలో వనపర్తి దాటేసరికి సాయంత్రమైంది. కోట చూడలేదు, చీరలు కొనలేదు. బిజినేపల్లి వస్తుండగా అనంతమ్మ అంది:

"అరుగు ఇస్త. కానీ ముందుగాల గోడకు కిటికీ వెట్టియ్యాలె. గల్లీ అందరు కలిసి వెట్టాలె. కిటికీ అయినంకనే అరుగు. ఆయన కూసుంటే బయట కనవడాలె, గింత ఎత్తుల" అని సీటు పక్కన అరచెయ్యి చాపి చూపించింది.

కండక్టరు ఆగాడు. "పిల్లగానికి టికెట్ తీస్కున్నరా?"

"పిల్లగాడు గాదు సారూ, మా ఆయన."

కండక్టరు సీటు కిందికి ఒకసారి చూసి ముందుకు వెళ్లాడు. గల్లీలో అందరికీ ఎత్తు సరిగ్గా చెప్పాలి కదా అని నేనూ ఆమె చేతి పక్కన నా చెయ్యి పెట్టాను.

"ఇంక జర కిందికన్నా. ఆయన ఒక దిక్కు ఒరిగి కూసుంటడు."

చెయ్యి దించాను.