మొదలింటోళ్ళ చెలిమ

మొన్న పొద్దున పటాన్‌చెరులో మా సందు మొదట్లో ఎవరో ఇల్లు కట్టుకుంటూ లారీడు ఇసుక దింపించారు. ఇంకా తడి ఆరని ఇసుక. పాలప్యాకెట్లు పట్టుకుని పోతున్నదాన్ని ఆ వాసనకు ఉన్నచోటే ఆగిపోయాను. మా సందులో పొద్దుటిపూట వచ్చేవి రెండే వాసనలు, ఒకటి మందుల కంపెనీలది, రెండోది మోరీది. వాటి మధ్య ఏటి ఇసుక వాసన వస్తే ఆగకుండా ఎట్లా పోతాం! గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మేస్త్రీ ఎగాదిగా చూసి, "ఏం గావాలమ్మా?" అన్నాడు. ఏం కావాలో చెబితే ఆయన పని ఆగిపోతుందని గబగబా వచ్చేశాను.

మాది మంజీర ఒడ్డున చిన్న ఊరు. పల్లె అనాలో బస్తీ అనాలో మాకే తేలేది కాదు. సంగారెడ్డి బస్సు రోజుకు నాలుగుసార్లు వచ్చేది, మంగళవారం అంగడి జరిగేది, సాయెబు గారి బట్టల దుకాణం, మిరపకాయ బజ్జీలు వేసే ఒక హోటలు ఉండేవి కనుక మా లెక్కలో అది పట్నమే. ఎండాకాలం వస్తే ఏరు సన్నబడి, అవతలి ఒడ్డు దాకా ఇసుకే ఇసుక. ఆ ఇసుకలో దోసపాదులు, కర్బూజ పాదులు పెట్టేవాళ్ళు. పొద్దు వాలాక పిల్లలమంతా కాళ్ళమీద ఇసుక కప్పుకుని గూళ్ళు కట్టి, కర్బూజ ముక్కలు చేతులవెంట కారేట్టు తిని, ఆ చేతులే గౌన్లకు తుడుచుకుని ఇంటికి పోయి వీపులు పగలగొట్టించుకునేవాళ్ళం.

మధ్యాహ్నాలు మాత్రం నాయనమ్మవి. అటక మీది జాడీలు దించి, తొక్కుకు మామిడికాయలు కోస్తూ, ముక్కలు దొంగిలించే మా చేతులమీద కత్తిపీట పక్కనున్న గరిటెతో ఒకటిస్తూ, ఊరు పుట్టిన కథ చెప్పేది. ఊరంటే మొదట తుమ్మల అడవేనట. మా తాత తాత, కరువుకు సొంతూరు వదిలి, పెళ్ళాంపిల్లల్ని, విత్తనపు జొన్నల్ని గుండ్రటి పుట్టి పడవలో ఎక్కించుకుని, ఎద్దుల్ని ఏట్లో ఈదించి ఈ గడ్డకు చేరాడట. తర్వాత కుమ్మరోళ్ళు, ఆ తర్వాత సాయెబులు, చివరికి ఒక రేకుల కొట్టంలో బడి పెట్టిన మిషన్ టీచరు కుటుంబం వచ్చారట. అందుకే మాకు మొదలింటోళ్ళని పేరు. బోనాలకు మొదటి బోనం మాది. చెరుకు గానుగ ఆడితే మొదటి బెల్లం మాది. ఆ వైభవం చెప్పేటప్పుడు నాయనమ్మ ముక్కుపుడక కూడా గర్వపడేది.

మొదటి చెలిమ కూడా మాదే. చెలిమ అంటే ఏటి ఇసుకలో చేత్తో తవ్వే నీటిగుంట. మోచేతి లోతు తవ్వితే చాలు, అడుగునుంచి నీళ్ళు చల్లగా, తేటగా ఊరేవి. ఏటా ఏరు సన్నబడ్డాక ఒక పొద్దున ఊరి ఆడవాళ్ళంతా బిందెలతో రేవుకు పోయేవాళ్ళు. అక్కడ పుట్టీలు నడిపే మల్లవ్వ, వెడల్పాటి నుదుటిమీద రూపాయంత బొట్టుతో నిలబడి ఉండేది. రేవు పక్కన వాళ్ళవి పదకొండు గుడిసెలు, చేపలు పట్టడం, జనాన్ని ఏరు దాటించడం వాళ్ళ పని. మామూలు రోజుల్లో "ఏ మల్లీ!" అని కేకేసే మా నాయనమ్మ, ఆ ఒక్క పొద్దున ఆమె ముందు కొంగు సవరించుకుని నిలబడి, "అక్కా, తోడుకోనా?" అని అడిగేది. రోజూ "పటేలమ్మా" అని పిలిచే మల్లవ్వ, "తోడుకో చెల్లె" అనేది. అప్పుడు నాయనమ్మ ఇసుకలో చెయ్యి పెట్టేది. ఆ ఒక్కరోజు మల్లవ్వ ఒంటిమీద గంగమ్మ ఉంటుందని, అడిగేది గంగమ్మనేనని ఊరంతా అనుకునేది. మేమూ అదే అనుకున్నాం.

నేను ఐదో తరగతిలో ఉండగా, అంటే ఎనభైల చివర, రేవు దగ్గర పంపుహౌసు వస్తుందన్నారు. గుడిసెలు తీసెయ్యాలి. ముందునుంచీ ఉన్నవాళ్ళయితే ఊళ్ళో ఇంటిజాగాలు ఇస్తారట, ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్ళయితే సామాను సర్దుకుని పోవాల్సిందేనట. మల్లవ్వ వాళ్ళ దగ్గర కాయితం ముక్క లేదు. పుట్టీల మీద బతికేవాళ్ళకు కాయితాలెక్కడివి? పెద్దమనుషులు చెప్పిందే రాసుకుంటామని మండలాఫీసు సారు కబురు పెట్టాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరిలో పెద్దది, రేవు సంగతులు బాగా తెలిసినది మా నాయనమ్మ.

మల్లవ్వ మా ఇంటికి వచ్చి గడప బయటే కూర్చుంది. "పటేలమ్మా, నీ నోటిమాట ఒక్కటి చాలు. లేకుంటె పిల్లజెల్లను ఏస్కోని ఏడికి వోవాలె?" అంది. నాయనమ్మ ముక్కలకు ఉప్పు పట్టిస్తూనే ఉంది. మల్లవ్వ వెళ్ళాక లోపలినుంచి తాత, "గాళ్ళు మునుపటి సంది ఉన్నరంటె, రేపు మనకన్న ముందే ఉన్నరంటరు. ఇగ మొదలింటోళ్ళమని ఏ మొకం వెట్టుకోని చెప్పుకుంటం?" అన్నాడు. నాయనమ్మ ఇంకో గుప్పెడు ఉప్పు తీసుకుంది.

నాకు నోరు ఆగదు. ఇప్పుడూ ఆగదు, అది వేరే సంగతి. "నాయనమ్మా, మనమే ముందుగాల వస్తిమి గదా, మరి మనల్ని దాటిచ్చిన పుట్టి ఎవలది?" అన్నాను. ఉప్పుచేత్తో చెంప ఛెళ్ళుమనిపించింది. ఏడవబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. కొట్టింది ఆమె, కళ్ళలో నీళ్ళూ ఆమెకే. అదే కథ నూరుసార్లు విన్నాం. ఊరంతా విన్నది. ఆ పుట్టి ఎవరిదని అప్పటిదాకా ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు. ఆమెకు మాత్రం తెలుసు. కోడలిగా వచ్చిన ఏడాదే అత్త చెవిలో చెప్పి, మూడోకంటికి తెలియొద్దని ఒట్టు వేయించుకుందని చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది.

బడి వరండాలో పంచాయతీ పెట్టారు. సారు కుర్చీలో, మగవాళ్ళు అరుగుమీద, గుడిసెలవాళ్ళు ఎండలో. మా తాత మీసం సవరించుకుంటూ ముందు వరుసలో కూర్చున్నాడు. సారు, "అమ్మా, వీళ్ళు ఎప్పటినుంచి ఉన్నారో మీకు తెలుసా?" అని అడిగాడు. నాయనమ్మ లేచి నిలబడింది. పక్కనే ఉన్న నా భుజం పట్టుకుంది.

"సారూ, నేను కోడలుగొచ్చిన కాడికెల్లి ఏటేటా గామెను అడిగే నీళ్ళు తోడుకుంటున్న. మా అత్త గూడ అడిగింది, మా అత్తకు అత్త గూడ అడిగింది. ఎనుక వచ్చినోళ్ళను ఎవలన్న అడుగుతరా? మా పెద్దోళ్ళను ఏరు దాటిచ్చింది గీళ్ళ పుట్టి. గీడ తవ్వితె నీళ్ళున్నయని సూపిచ్చింది గూడ గీళ్ళే. మేమొచ్చేటాల్లకు గీళ్ళున్నరు."

తాత కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. సారు రాసుకున్నాడు. పదకొండు ఇళ్ళకూ అంగడి వెనకాల జాగాలు వచ్చాయి.

తాత నెలరోజులు నాయనమ్మతో మాట్లాడలేదు. అన్నం పెట్టమనడానికి కూడా నన్నే పంపేవాడు. ఆషాఢంలో బోనాలప్పుడు ఊరి పెద్దలు, "పెద్దమ్మా, నువ్వే జెప్తివి గదా" అని నవ్వుతూనే మొదటి బోనం మల్లవ్వ వాళ్ళకిచ్చారు. మా అమ్మా పిన్నీ లోపల్లోపల ఏడ్చారు. నాయనమ్మ మాత్రం రెండో వరుసలో, తలమీద బోనంతో, ఎటూ చూడకుండా నడిచింది. నాకైతే అంతా నా నోటివల్లే జరిగిందని గుండెలో రాయి పడ్డట్టుండేది. ఆ సంగతి చెబితే, "నీ మొకం, నువ్వెంత నీ నోరెంత!" అని నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి దగ్గరకు తీసుకుంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఏరు సన్నబడింది. నాయనమ్మ బిందె తోమలేదు. ఒక పొద్దున మల్లవ్వే వచ్చి, గడప బయట కాదు, లోపల అరుగుమీద కూర్చుని, "ఎండలెక్కక ముందే రావా పటేలమ్మా?" అంది.

"ఇగ నేనెందుకే? నువ్వే తోడు."

"మంచిగనే ఉన్నది. నువ్వడగకుంటె, తోడుకొమ్మని నేనెవలికి చెప్పాలె?"

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత చింతపండు పెట్టి బిందె తళతళా తోమింది. ఆ పొద్దున రేవులో "అక్కా" అని ఆమె అడిగిన గొంతు వేరు. దేవతను అడిగినట్టు లేదు, మనిషిని అడిగినట్టుంది.

ఆ తర్వాత రెండు మూడు ఎండాకాలాలకే పంపుహౌసు నడిచింది, వీధివీధికీ నల్లాలు వచ్చాయి. రేవుకు పోయే పనే లేకపోయింది. నాయనమ్మ, మల్లవ్వ ఏడాది తేడాతో పోయారు. తాత పోయాక నాన్న, బాబాయి పొలం, ఇల్లు అమ్మేసి ఒకరు భానూరు వైపు, ఒకరు పటాన్‌చెరు కంపెనీలో నౌకరీకి వచ్చేశారు. కిరాయి ఇళ్ళలో మా చదువులు, పెళ్ళిళ్ళు అయిపోయాయి. కుమ్మరోళ్ళూ సాయెబులూ కూడా తలోదిక్కూ వెళ్ళిపోయారని విన్నాను.

పోయిన చలికాలం మా అమ్మాయిని తీసుకుని ఊరికి వెళ్ళాను. మా ఇల్లున్నచోట ఫంక్షన్ హాలు ఉంది. ఏటిలో ఇసుకంతా తోడుకుపోగా గుంతలు, బండలు తేలాయి. రేవు చుట్టూ పంపుహౌసు కంచె, దానికొక గేటు, గేటు దగ్గర ఖాకీ చొక్కాలో ముప్పై అయిదేళ్ళ మనిషి.

"ఎవలమ్మా మీరు? ఎక్కడికెల్లి వచ్చిన్రు?" అన్నాడు.

ఆ వెడల్పాటి నుదురు చూడగానే గుర్తుపట్టాను. మల్లవ్వకు ఏమవుతావని అడిగితే మనవణ్ణన్నాడు, పదకొండు ఇళ్ళూ ఇప్పుడు నలభై అయ్యాయన్నాడు. "మాదీ ఈ ఊరే నాయనా. మొదలింటోళ్ళం," అన్నాను.

"గా పేరు నేనెన్నడు ఇనలేదమ్మా," అన్నాడు అతను మర్యాదగానే.

మా అమ్మాయి నా ముఖంలోకి చూసింది. నేను కొంగు సవరించుకున్నాను. "జెర ఏటి దాకా పోయి చూసి వస్తం, పోనిస్తవా?" అని అడిగాను.

"పోయి చూడుండ్రి," అని అతను గేటు తీశాడు.