తాయెత్తు తెంపిన కోడలు

మా అత్తవి పాము చెవులు. పెరట్లో నేను కుండలోంచి పిడికెడు సజ్జలు ఎక్కువ తీసినా, వీధి అరుగు మీద కూర్చున్న ఆమెకు వినపడేది. ఉదయగిరి కొండ కింద పల్లెలో ఆ ఇంటికి నేను కోడలిగా వెళ్లేనాటికి మామ లేడు. ఇంట్లో అత్త, మా ఆయన, నేను. అత్త లేని కోడలు ఉత్తమురాలు అనే సామెతలో ఎంత నిజముందో నాకు నెల తిరక్కుండానే తెలిసింది. పెద్ద దుర్మార్గురాలేం కాదు. నోరు గయ్యాళిది, అంతే.

తర్వాత ధాత నామ సంవత్సరపు పెద్ద కరువు వచ్చింది. ఊరు ఊరంతా ఎముకల గూళ్లైపోతుంటే మా అత్త ముఖం మాత్రం ఉబ్బింది. కళ్ల కింద సంచులు, లావెక్కిన పెదాలు, గొంతు కింద నిమ్మకాయంత గడ్డ. ఇంట్లో దాచుకుని తింటోందని ఊళ్లో వాళ్లు ఎగతాళి చేశారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ అలాగే అనుమానించి ఆమె చాప కింద వెతికాను. ఏమీ దొరకలేదు. మండుటెండల్లో కూడా ఆమె చలి అంటూ గొంగడి కప్పుకునేది. మాట బొంగురుపోయి నెమ్మదించింది. తిట్టు కూడా ఆగి ఆగి వచ్చేది. గడ్డ కరగాలని ఒక మంత్రగాడు నల్లదారానికి తాయెత్తు గుచ్చి మెడకు కట్టాడు.

కరువు తీరాక మా వాడలో చాలామంది బాప్తిస్మం తీసుకోవడానికి సిద్ధపడ్డారు. అత్త అందరికంటే ముందు నిలబడింది. తాయెత్తులూ దారాలూ తీసేసి రావాలని బోధకుడు చెప్పాడు. ఆ సాయంత్రమే అత్త నన్ను పిలిచి కొడవలి తెమ్మంది. దారం గడ్డ మీద బిగుసుకుని చర్మం ఒరుసుకుపోయి ఉంది. కింద వేలు పెట్టి జాగ్రత్తగా కోశాను. అత్త మెడ తడుముకుని హాయిగా ఉందంది.

నాలుగో రోజు పొద్దున నేను రోట్లో సజ్జలు దంచుతున్నాను. అత్త నిద్ర లేచి వచ్చి నా ఎదురుగా నిలబడి, పైకీ కిందికీ పోతున్న రోకలిని చూస్తూ ఉండిపోయింది. ఏమే, నోట్లో బెల్లం పెట్టుకున్నావా, పిలిస్తే పలకవేంది అని కసిరింది. అప్పటికి నేను మూడుసార్లు పలికాను. రోకలి వదిలేసి ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను. ఆమె నా పెదాలనే చూసింది. తర్వాత గోడకు ఆనుకుని కూలబడింది.

మా ఆడబిడ్డను అదే ఊళ్లో ఇచ్చారు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చి, తల్లి బోసి మెడ చూసి, ఎవరు కోశారని అడిగింది. నేనే అన్నాను. ఇక అంతే. అమ్మవారు చెవులు మూసేసిందనీ, పరాయి ఇంటి పిల్ల చేత్తో తెంపడం వల్లే ఇంత ఘోరం జరిగిందనీ వాడంతా చాటింది. తాయెత్తు మళ్లీ కట్టాలి, దాన్ని తెంపిన చెయ్యి ఈ ఇంట్లో ఉండకూడదు, పిల్లను చేజర్లలో వాళ్ల నాయన ఇంటికి తోలేయాలి అని రోజూ వచ్చి తమ్ముడి దగ్గర కూర్చునేది. మా ఆయన అవుననడు, కాదనడు, గోడ మీద పిల్లి. ఈ మాటలన్నీ అత్త ఎదుటే జరిగేవి. ఆమె మా ముఖాలు ఒకరి తర్వాత ఒకరివి చూస్తూ కూర్చునేది. నేను ఎదురు చెప్పలేదు. నా చేత్తోనే ఆమె చెవులు పోగొట్టానని నేనూ నమ్మాను. పుట్టింట్లో ఏడుగురు తినేవాళ్లు ఉన్నారు. అక్కడికి మళ్లీ పోవడమంటే నాకు చావంత భయం.

ఆత్మకూరులో వైద్యం చేసే ఒక తెల్లదొర డేరా వేసుకుని రోగులను చూస్తున్నాడని బోధకుడు చెప్పాడు. మా ఆయన అప్పుడు ఒక తీర్మానానికి వచ్చాడు. దొర అత్త చెవులు బాగుచేస్తే నేను వాళ్లతో తిరిగి రావచ్చు. లేదంటే అక్కడినుంచి చేజర్ల దగ్గరే కనుక, నన్ను అట్నుంచి అటే దింపేస్తాడు. నా రెండు చీరలు మూటగట్టి బండిలో పెట్టాను. నేను కాళ్లు చాపుకుని కూర్చున్నానని అత్త దారి పొడుగునా ఆ బొంగురు గొంతే చించుకుని తిడుతూ ఉంది. తన గొంతు తనకు వినపడదు కదా.

దొర ఆమెను చాలాసేపు చూశాడు. గడ్డ తడిమాడు, నాడి పట్టుకున్నాడు, రాలిపోయిన కనుబొమలనూ పొడిబారిన చర్మాన్నీ చూశాడు. వినపడుతుందేమో చూడటానికి రెండు కొమ్ముల ఇనుప పుల్లను మోగించి చెవి వెనక ఎముకకు ఆనించాడు. దొర మాటలను పక్కనున్న కాంపౌండరు తెలుగులో చెప్పాడు: గొంతు కింది గ్రంథి చెడితే ముఖం ఉబ్బుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, మనిషి మందగిస్తుంది. అలాంటి వాళ్లలో కొందరికి చెవులు కూడా పోవడం దొర చూశాడట. రెంటికీ లంకె ఏమిటో ఆయనకూ తెలియదు, మందు కూడా లేదు. ఇప్పుడు మా మనవడు దాన్ని థైరాయిడ్ అంటాడు, మందు వచ్చిందంటాడు. ఆ రోజు నాకు మందు లేదన్న మాటొక్కటే వినపడింది.

దొర పుస్తకంలో రాసుకుంటూ, ఏ చెవి ముందు పోయింది, ఎప్పుడు అని అడిగించాడు. రెండూ ఒకేసారి అని మా ఆయన చెప్పబోయాడు. నేను ఊరుకోలేక అత్త ఎడమ చెవి, కుడి చెవి ముట్టుకుని, ఏది ముందని వేళ్లతో అడిగాను.

"ఎడమది," అంది అత్త. "సర్కారు కరువు పనిలో కంకర కొట్టే రోజుల్లోనే పోయింది. ఒక పొద్దు లేచేసరికి లేదు."

మా ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అత్త కొంచెం సిగ్గుపడింది. కోడలి ముందు చెవిటిదాన్నని చెప్పుకోమంటావా అని కొడుకును కసిరింది. నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకేడుస్తున్నానని ఆమె నా గడ్డం పట్టి ఎత్తి అడిగింది. మెడ మీద కొడవలి పెట్టి కోసినట్టు చూపించాను. నా గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. తర్వాత మా ఆయన్నీ, చేజర్ల దారినీ చూపించాను.

అర్థం కావడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక, డేరా బయట కూర్చున్న రోగులంతా తిరిగి చూసేటట్టు అరిచింది.

"నేను కొయ్యమంటేనే అది కోసింది. పనిచేసే తాయెత్తయితే నేనెందుకు కోయిస్తానురా? ఎడమ చెవి పోయిన నాడు ఆ తాయెత్తు నా మెడలోనే ఉండింది. ఆ పొద్దు ఎవురిని తోలేస్తివి?"

మా ఆయన తల వంచుకుని వెళ్లి, బండిని చేజర్ల వైపు కాకుండా మా ఊరి వైపే మళ్లించాడు. పది రోజులు ఆమె ఎదుటే కూర్చుని ఆమె జబ్బు గురించి అందరం తీర్పులు చెప్పుకున్నాం. జబ్బు మనిషిని ఒక్క మాట అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.