అలకు అడ్డం వేసిన ఈత మట్టలు

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, నిజాం సర్కారు ఫసలీ లెక్కన దయ్ నెలలో, అంటే నవంబరు చివర, నన్ను నల్లగొండ జిల్లాలో ఒక పెద్ద చెరువు మీద సబ్ ఓవర్సీర్‌గా వేశారు. చెరువులూ రోడ్లూ చూసే తామీరాత్ శాఖలో అదే నా మొదటి పోస్టింగు. నౌకరీ ఇంకా ఖాయం కాలేదు.

చేరిన పదో రోజున బందరు తీరంలో తుఫాను పట్టింది. సముద్రం మాకు ఎంతో దూరం. గాలికి ఆ దూరం ఒక లెక్క కాలేదు. తెల్లవారేసరికి నిండు చెరువులో మనిషెత్తు అలలు లేచి మట్టికట్టను బాదుతున్నాయి. కట్ట కింద కోతకొచ్చిన ఆబీ వరి, అంటే వానకాలపు పంట, దాన్ని ఆనుకొని ఇళ్లు.

నేను పుస్తకం చదివినవాణ్ణి. కట్ట పైన ఇసుక బస్తాలు పేర్చమన్నాను. తాతల నాటి నుంచి ఆ చెరువు తూములు చూసుకునే నీరటి ఎల్లయ్య రెండుసార్లు వద్దన్నాడు. నేను చెవిన పెట్టలేదు. మధ్యాహ్నానికి బస్తాల బరువుకు కట్ట అంచు ఒకచోట జారి నీళ్లలో పడింది. ఇక ఏం చేద్దామని ఎల్లయ్యనే అడిగాను.

అప్పుడు ఎల్లయ్య అన్నాడు: "దొరా, అల కట్ట పైన కొట్టది. నీళ్లు తగిలేకాడ కట్టను కొరుకుతాంది. ఈత చెట్ల తలలు నరికి, మోకులకు కట్టి నీళ్లల్ల తేలేస్తే దాని జోరు ఆడ్నే సస్తది."

ఈత చెట్లు కల్లు వ్యవహారం చూసే ఆబ్కారీ శాఖ సొత్తు. పరవానా లేకుండా ఒక్కటి నరికినా శిక్ష. ఊళ్లో ఒక్కరూ గొడ్డలి ఎత్తలేదు. నేను కాగితం తీసి, ఈ చెట్లు నా హుకుంతో నరికారని ఉర్దూలో రాసి, సంతకం చేసి, ఊరి లెక్కలు రాసే పట్వారీ చేతికిచ్చాను.

ఊరు కదిలింది. నడుముకు మోకు కట్టుకొని ఎల్లయ్యే ముందు దిగాడు. మట్టలు నిండిన తలలను వరుసగా కట్టి, కొట్టుకుపోకుండా రాళ్లు వేలాడదీసి, కట్ట వెంబడి తేలవేశాం. అల ఆ మట్టల్లో చిక్కి, కట్టను చేరేసరికి మెత్తబడేది. పొద్దుగూకే లోపల జారిన చోట రాయీ మన్నూ వేసి బిగించాం. కట్ట నిలిచింది. ఆ వరి కోతను దగ్గరుండి చూశాను, గర్వంగానే చూశాను.

వారం తర్వాత మా పెద్ద ఇంజనీరు, మొహతమీం, విచారణకు వచ్చారు. చెట్ల సంగతి ఆబ్కారీ వారితో తాను మాట్లాడతానన్నారు. నా నివేదికలో 'నీరటి ఎల్లయ్య సలహా మేరకు' అన్న మాట మాత్రం కొట్టేయమన్నారు. ఓవర్సీర్‌కు నీరటి నేర్పడమేమిటట. కొట్టేయనన్నాను. నౌకరీ ఖాయం కావడం రెండేళ్లు వెనక్కి పోయింది. పోతే పోయింది, ఆ మాట ఫైలులో ఉండిపోయింది.

ఆ తర్వాత నౌకరీ ఉన్నన్నాళ్లూ ఏ చెరువు మీదికి వెళ్లినా, మొదట నీరటితో కట్ట పొడుగునా నడిచి, అతడు చెప్పింది విని, ఆ తర్వాతే కొలత టేపు విప్పాను.