నిండు పుస్తెలు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది మహబూబ్‌నగర్‌లోని ఒక నగల దుకాణంలో శుభ్రత, మరమ్మతుల విభాగానికి సూపర్‌వైజర్‌గా చేరాను. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. మా నాయిన తిరుమలగిరిలో అవుసలి పని, అంటే కంసాలి పని, చేసేవాడు. ఆయన దగ్గర పదేళ్లు ఊదుగొట్టం పట్టి, తర్వాత హైదరాబాద్‌లో మెషిన్ల పని నేర్చుకున్నాను. ఆ పని వచ్చినందుకే ఈ ఉద్యోగం దొరికింది. దాని మీద కొంత గర్వం కూడా ఉండేది. ఇప్పుడు లేదు.

అల్ట్రాసోనిక్ మెషిన్ అంటే ఒక స్టీలు తొట్టి, అందులో నీళ్లు, నీళ్లలో కలిపే ద్రావణం. స్విచ్చి వేయగానే చెవికి అందని కంపనానికి సన్నని బుడగలు పుట్టి పగులుతాయి. బ్రష్షు దూరని సందుల్లోని మురికిని అవి వదిలిస్తాయి. తెలివంతా ద్రావణం ఎంచుకోవడంలోనే ఉంది. మా దగ్గర రెండు రకాలుండేవి. సాదాది కుంకుడు రసంలా మెత్తనిది, రోజువారీ నగలకు. అమ్మోనియా కలిసిన ఘాటుది, మురికి గడ్డకట్టిన గట్టి బంగారానికి, అదీ వేడినీళ్లలో. ముత్యాన్ని, పగడాన్ని అసలు తొట్టిలోనే వేయకూడదు. లోపల లక్క నింపిన నగ కూడా అంతే. వేడికి లక్క మెత్తబడుతుంది, అమ్మోనియాకు కరుగుతుంది. ఇదంతా కాగితం మీద రాసి గోడకు అంటించింది నేనే.

పుస్తెలతో ఒక తమాషా ఉంది. ఆడవాళ్లు రోజూ పెట్టే పసుపు ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఘాటు ద్రావణం తగలగానే అది సున్నం కలిపినట్టు ఎర్రబడి, తొట్టంతా పారాణి నీళ్లయిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు కంగారుపడితే నేను నవ్వేవాణ్ణి.

రెండో ఎండాకాలంలో కొల్లాపూర్ దిక్కు నుంచి ఎల్లవ్వ అనే ముసలామె మనుమరాలు శిరీషతో వచ్చింది. గొర్లకాపరుల కుటుంబం. కొంగుముడిలో రెండు పుస్తెలు తెచ్చింది. అవి ఆమె బిడ్డ బాలమ్మవి. బాలమ్మ ముత్తైదువగానే పోయింది కనుక, ఆ పుస్తెలే శిరీష పెండ్లిలో కట్టించాలని ఇంట్లో అనుకున్నారు. పెండ్లి ఇంకా వారం ఉంది.

ఒక పుస్తె అంచున నాలుగు చిన్న నొక్కులున్నాయి. సరిచేయమంటారా అని అడిగాను.

“వద్దు బిడ్డా, వాటిని ముట్టకు” అంది ఎల్లవ్వ. “గీ పిల్లకు పండ్లొచ్చేటప్పుడు పాలు తాక్కుంట కొరికింది. మా బాలమ్మ కొట్టకపోతుండె, నవ్వుతుండె. తల్లీబిడ్డలది గదొక్కటే మిగిలింది.”

శిరీష ఆ నొక్కుల మీద వేలు పెట్టి తీసింది.

గట్టివేనా అని అడిగాను. నిండు పుస్తెలు, బోలువి కావు అంది ఎల్లవ్వ. దుకాణం భాషలో నిండు అంటే మొత్తం బంగారమే. తూచి, చీటీ మీద తూకం వేసి, పక్కన ‘గట్టి’ అని రాశాను. అంత పెద్ద పుస్తెకు ఆ తూకం తక్కువ. అది కంటికి కనిపించింది, బుర్రకెక్కలేదు. పసుపు గడ్డకట్టి ఉంది కదా అని ఘాటు ద్రావణం పోసి, వేడి పెంచి, ఎనిమిది నిమిషాలు పెట్టాను.

నీళ్లు ఎర్రబడ్డాయి. పసుపే అనుకున్నాను. ఇంకా ఎర్రబడ్డాయి. అప్పుడూ పసుపే అనుకున్నాను. బుట్ట పైకి తీసి పట్టకారుతో పుస్తెను పట్టుకుంటే రేకు అప్పడంలా నలిగిపోయింది. వెనక పసుపు కింద దాగిన సూది బెజ్జంలోంచి లక్క కరిగి కారిపోయింది. ఆ చిన్న నొక్కులు పెద్ద ముడతల్లో కలిసిపోయాయి. స్టూలు మీద కూర్చుండిపోయాను.

రెండు రోజులు పట్టింది. రేకు సాగదీసి మళ్లీ లక్క నింపాను. బంగారం పొల్లు పోలేదు. పుస్తెలు మాత్రం అద్దంలా నున్నగా వచ్చాయి. వాళ్లు వచ్చిన రోజు, కొత్త జత ఇస్తాం, తీసుకోమని చెప్పమని మేనేజరు నన్ను పంపాడు.

ఎల్లవ్వ కొత్త జత వద్దంది. పాత పుస్తె అంచు మీద బొటనవేలు తిప్పింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

“నొక్కులేవి బిడ్డా?”

జరిగింది చెప్పాను. నిండు అన్నావు కదవ్వా, గట్టి బంగారమనుకున్నాను అని కూడా అన్నాను. తప్పు ఆమె మీదికి తోసినట్టుందని ఆ మాట నోరు దాటాక తెలిసింది.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“లక్క గాక ఇంకేం నిండుతది బిడ్డా” అంది. “గంత బంగారం మాకేడిది?”

మా నాయిన కూడా లక్క నింపినదాన్ని నిండు అనే అనేవాడు. పదేళ్లు విన్న మాట. ఆమె ముందు నిలబడి ఉన్నప్పుడు గుర్తుకొచ్చింది.

తర్వాత ఐదేళ్లు అదే తొట్టి దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ఏ ద్రావణమైనా పోసేముందు నగను తిప్పి బెజ్జం వెతకాలి. మనిషి చెప్పిన మాటకు వాళ్ల ఊళ్లో అర్థమేమిటో అడగాలి. ఈ రెండూ ఆ రోజుకు ముందే నాకు తెలుసు. గోడ మీది కాగితం అడుగున ‘నిండు అంటే లక్క’ అని చేర్చాను. శిరీష మెడలోకి మాత్రం నున్నటి పుస్తెలే పోయాయి.