కృష్ణబిలం గుడి కాదమ్మా

మా పెద్దమ్మ కూతురు సత్యవతక్క జంషెడ్‌పూర్ నుంచి ఫోన్ చేసి ఏడ్చేసరికి బయలుదేరాను. ఆమె కూతురు రేవతికి బెంగళూరులో పరిశోధనకు సీటు వచ్చింది. కృష్ణబిలాల దగ్గర జంట కణాల బంధం ఏమవుతుంది, దాంతో సమాచారం పంపగలమా అన్నది విషయం. రేవతి ఇంట్లో కూడా హిందీలోనే మాట్లాడుతుంది. కృష్ణబిలాన్ని "బ్లాక్ హోల్" అని, ఆ బంధాన్ని "ఉల్‌ఝన్" అని చెప్పిందట. ఉల్‌ఝన్ అంటే చిక్కు కదా! పిల్ల ఏదో చిక్కులో పడుతోందని అక్క పంపనంది. మర్నాటి సాయంత్రంలోగా సరేననకపోతే సీటు పోతుంది. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కనుక ఈ తగవు నా నెత్తిన పడింది.

విశాఖలో రైలెక్కి మర్నాడు పొద్దున టాటానగర్‌లో దిగాను. అక్కణ్నుంచి సాక్చికి, సాక్చి నుంచి అక్క ఉండే గోవింద్‌పూర్‌కు షేర్ ఆటోలు. రెండూ కలిపి వంద దాటలేదు. "అభీ చల్తే హైఁ" అంటూ ఇప్పుడే బయల్దేరతానన్న డ్రైవరు ఆటో నిండేదాకా కదల్లేదు.

అక్క ఉప్మా పెట్టి, "నీకైనా తెలుగొచ్చు. ఇది ఏటి సదువుతాదో సెప్పు తమ్ముడూ" అంది. నేను పుస్తకాల తెలుగులో "కృష్ణబిలం" అన్నాను. అక్క చేతులు జోడించేసింది.

"కిష్ణుడి బిలమా! బొర్రా గుహల్లాగేటి? ముందే సెప్పొద్దూ? పంపిత్తాను."

రొట్టె విరిగి నేతిలో పడింది. నవ్వు ఆపుకుని, ఇక ఊరుకుందాం అనుకున్నాను. రేవతి ఊరుకోలేదు.

"నై అమ్మా, గుడి కాదు" అని తడబడుతూ తెలుగులో మొదలుపెట్టింది. "ఆకాశంలో, చాలా దూర్. అందులో పడింది తిరిగి రాదు. నేను పడను, కూర్చుని లెక్క చేత్తాను. జంట కణాల్లో ఒకటి లోపల పడింది, ఒకటి బయటుంది. వాటి బంధం ఉంటాదా, తగ్గుతాదా, అదే నా పని."

అక్క మొహం వాడిపోయింది. "ఆ బంధంతో లోపల్దాని కబురు తెలుత్తాదేటి?"

"లేదమ్మా. బంధం ఒక్కటే ఉంటే కబురు రాదు. మామూలు సిగ్నల్ కూడా కావాలి. లోపల్నుంచి అదీ రాదు."

అక్క కూతురి వైపు తిరిగింది. "బెంగుళూర్నుంచి కబురు వత్తాదా?"

"వత్తాదమ్మా."

"అయితే ఎల్లు. రోజూ ఫోన్ చెయ్యి. తెలుగులో చెయ్యి" అని కళ్లు తుడుచుకుంది.

తిరుగు రైల్లో నాకు దిగులూ సంతోషమూ రెండూ కలిగాయి. చేతులు జోడించి ఇచ్చిన ఒప్పుదల కంటే కళ్లు తుడుచుకుని ఇచ్చిందే నిలుస్తుందనిపించింది. ఇలాంటి పని మీద వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. పిల్లలు చదివేదేమిటో వాళ్లనే చెప్పనివ్వండి. మాట తడబడితే మీరు అందించకండి, ఉప్మా తింటూ కూర్చోండి.