చెల్లెలి పాస్‌పోర్టు

ఏడేళ్లుగా మా ఇంట్లో ఒక మనిషి తిట్లు తింటున్నాడు. అతను చేసిన తప్పేమీ లేదు. ఆ తిట్లు నాకు పడాల్సినవి. ఈ బరువు ఇంక మోయలేక, మనవరాలి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

వన్ టౌన్‌లో గోడౌన్ల సందులో నేనూ మా చెల్లెలూ ఉంటాం. తను పెళ్లి చేసుకోలేదు. మస్కట్‌లో ఇరవై ఏళ్లు నర్సుగా చేసి, నా భర్త పోయాక నా దగ్గరికి వచ్చేసింది. దాచుకున్నది ఇక్కడి ఖర్చులకీ మందులకీ చాలదని తొందరగానే తెలిసింది. మస్కట్‌లో తనతో పనిచేసిన కమల అనే ఆవిడది శ్రీలంక. తమ మేడ మీద గది ఖాళీగా ఉందనీ, సముద్రం కనిపిస్తుందనీ, ఉన్నదాంతో అక్కడ హాయిగా బతకొచ్చనీ ఫోన్లో పిలిచింది. గడువు తీరిన పాస్‌పోర్టు మార్చుకోవడానికి చెల్లెలు దరఖాస్తు పెట్టింది.

విచారణకు కానిస్టేబుల్ వచ్చిన రోజు తను చల్లపల్లిలో మా అమ్మాయి ఇంట్లో ఉంది.

"ఈవిడ ఇక్కడే ఉంటారాండీ?"

"లేదు బాబూ. చల్లపల్లిలో ఉంటుంది. ఇక్కడికి చుట్టపుచూపుగా వస్తుంది."

"మళ్లీ ఎప్పుడొస్తారండీ?"

"ఏమో! నాకు చెప్పి వస్తుందా?"

అతను రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఎందుకలా అన్నాను? పరాయి దేశంలో జబ్బు చేస్తే ఎవరు చూస్తారని, తన మంచికేనని నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. జబ్బులు చూడ్డమే పనిగా బతికిన మనిషికి ఆ మాత్రం తెలియదా? అరలీటరు పాల ప్యాకెట్టు నా ఒక్కదానికి ఎక్కువైపోతుందని కూడా అనుకున్నాను. నవ్వకండి. అసలు సంగతి, పొద్దున్నే రెండో గ్లాసులో టీ పోయడానికి మనిషి ఉండదన్న భయం. దాన్ని భయమని ఒప్పుకోవడం చేతకాక, అక్కగారి పెద్దరికమని పేరు పెట్టుకున్నాను.

ఆ అడ్రసులో లేరని అతను రాయడంతో దరఖాస్తు ఆగిపోయింది.

"టీ డబ్బులివ్వలేదు కదూ? పైసా రాల్చవని తెలిసీ నీ మీద వదిలేశాను చూడు, నాదీ బుద్ధి!" అంది చెల్లెలు.

"ఎందుకివ్వాలి?" అన్నాను.

నా పిసినారితనం సందులో అందరూ ఎరుగుదురు. అందుకే నమ్మింది. లంచమివ్వలేదని కక్ష కట్టాడంటూ అతన్ని తిట్టుకుంది. మళ్లీ దరఖాస్తు పెట్టడానికి మనసు రాక, అరిగిన మోకాళ్లతో ఒక ఆసుపత్రిలో డ్యూటీకి చేరింది. ఇంటికి రాగానే ఆ కాళ్లకు నేను వేణ్ణీళ్లు పెట్టేదాన్ని. ప్రేమతోనా, భయంతోనా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఈ మధ్య కమల మళ్లీ ఫోన్ చేసింది. గది ఇంకా ఖాళీగానే ఉందట. చెల్లెలు మళ్లీ దరఖాస్తు పెట్టింది. డ్యూటీకి వెళ్తూ నా చేతిలో వంద నోటు పెట్టి, "ఇది నీది కాదులే, నాదే. అతను రాగానే ఇచ్చెయ్యి" అంది.

ఈసారి వేరే అతను వచ్చాడు. "ఇక్కడే ఉంటుంది బాబూ, ఏళ్ల తరబడి" అన్నాను. పక్కింటి ఖాదర్ గారిని నేనే పిలిచి సాక్షి సంతకం పెట్టించాను. డబ్బులు అతను అడగలేదు, నేను ఇవ్వలేదు.

పాస్‌పోర్టు వచ్చింది. చెల్లెలు కవరు చింపి చిన్నపిల్లలా నవ్వింది. "చూశావా అక్కా, ఈసారి మంచివాడొచ్చాడు" అంది.

ఆ మాటతోనే ఈ కాగితాలు తీశాను.

వచ్చే నెల ప్రయాణం. విమానం ఎక్కాక చదువుకోమంటే పిరికితనమవుతుంది. ఇవాళ సాయంత్రమే, ఆ వంద నోటు ఇందులో మడిచి తన చేతిలో పెడతాను. ఆ తరవాత నాతో మాట్లాడుతుందో లేదో తెలియదు. మాట్లాడకపోయినా, ఆ సముద్రం చూస్తుంది. పావులీటరు పాలు చాలని పాలతనికి చెప్పేశాను.

ఆ మొదటి కానిస్టేబుల్‌కి మా ఇంట్లో తిట్లు ఇవాళ్టితో ఆఖరు. ఇక నన్ను తిట్టనీ.