రెప్పల మాస్టారు

రామకోటేశ్వరరావు మాస్టారికి తన కనురెప్పల మీద నమ్మకం లేదు. లోకంలో ఎవరైనా గుండె గురించో షుగరు గురించో బెంగపడతారు. కనురెప్పల కోసం బెంగపడ్డ మనిషి విజయవాడ వన్‌టౌన్ మొత్తానికి ఆయనొక్కరే. రోజూ పొద్దున్న ఏడింటికి నజీమా పచ్చళ్ళ కొట్టు ముందు నిలబడి, కళ్ళజోడు తీసి, మొహం ముందుకు చాపేవారు.

"చూడమ్మా, వాలాయా?"

"లేదు మాస్టారూ, నిక్షేపంలా ఉన్నాయి."

"ఎడమది?"

"అది కుడిదానికంటే హుషారుగా ఉంది."

అప్పుడు గానీ ఆయనకు తెల్లవారేది కాదు.

దీనంతటికీ మూలం మూత బిగించిన సీసాల్లాంటి గాలి చొరని చోట పెరిగే ఒక సూక్ష్మజీవి. ముప్పై ఏళ్ళు కోచింగ్ కాలేజీలో జువాలజీ చెప్పిన మనిషి, రిటైరయ్యాక కూడా ఆ ఒక్క పాఠం ఆపలేదు. "నరం చివర చిన్న చిన్న రసాయనం పొట్లాలుంటాయమ్మా. పొట్లం గడప దాకా వచ్చి విప్పుకుంటేనే కండ కదులుతుంది. దీని విషం పొట్లాన్ని గడపకి లాగే తాడునే తెంపేస్తుంది. నరం ఆజ్ఞలిస్తూనే ఉంటుంది, కండకి వినపడదు. మొట్టమొదట రెప్పలు వాలతాయి."

"మా ఆయనకి పెళ్ళైన కొత్తలోనే సోకినట్టుంది మాస్టారూ. నేనెన్ని చెప్పినా కదలడు."

ఆ రోజుల్లో క్లాసులో ఎవడైనా కునుకు తీస్తే, "వీడికి విషమెక్కింది, ఆంబులెన్సు పిలవండి!" అని కేకేసేవారట. నిద్రపోయినవాడు లేచి పారిపోయేవాడు.

నజీమాకు ఇవన్నీ నవ్వులాటగానే ఉండేవి, ఒకనాడు ఉయ్యూరు నుంచి ఒకావిడ బేరానికి వచ్చేదాకా. ఆవిడ రొయ్యల పచ్చడి సీసా చేతిలోకి తీసుకోగానే మాస్టారు మూత మీద వేలితో టకటకమని కొట్టి, "ఉబ్బలేదులెండి. ఉబ్బితే మాత్రం తినకండి, ఊపిరి ఆగిపోతుంది," అన్నారు. ఆవిడ సీసా అక్కడే పెట్టి ఆటో ఎక్కేసింది.

"ఈ కొట్టే నాకు కూడు మాస్టారూ! మీకు దణ్ణం పెడతా, రేపట్నించి రాకండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగో రోజు ఏడింటికి నజీమాకు చేతులాడలేదు. తమ్ముడు యాసిన్‌ని కొట్లో కూర్చోబెట్టి, మాస్టారి వాటాకి వెళ్ళింది.

తలుపు తీసే ఉంది. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. వంటింటి గట్టు మీద మాత్రం కడిగి బోర్లించిన పన్నెండు సీసాలు, అన్నిటి మీదా తన కొట్టు చీటీలే.

"ఇవి గుడివాడ పెళ్ళివాళ్ళు పట్టుకెళ్ళిన పన్నెండు సీసాలు కదా! మీరే కదా బేరం తెచ్చారు?"

మాస్టారు తల గోక్కున్నారు. "పెళ్ళీ లేదు, గుడివాడా లేదు. పులుపెక్కువని ఎవరో అన్నారని ఆ వాయిలో నిమ్మరసం సగానికి తగ్గించావు. పులుపు తగ్గితేనే ఆ సూక్ష్మజీవి పెరిగేది. పులుపు చూసే రంగు కాగితాలున్నాయి నా దగ్గర. నీ ప్రతి వాయిలోనూ మొదటి సీసా నేనే కొని ముంచి చూస్తాను. ఆ ఒక్కసారి రంగు తేడాగా వచ్చింది. అంతా బాగా ఉడకబెట్టి పాతిపెట్టేశాను."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబుదామంటే కొట్టు నిండా మనుషులున్నారు. మాట బయటికి పొక్కితే నీ సీసా ఎవరు ముట్టుకుంటారు? అందుకే నాకు పులుపు చాల్లేదని రోజూ నస పెట్టి, నీచేత మళ్ళీ నిమ్మకాయలు పిండించాను."

నజీమా కుర్చీలో కూలబడింది. ఉన్నది ఒకటే కుర్చీ కాబట్టి ఆయన నిలబడే ఉన్నారు.

"మరి కాగితమే చెప్పేస్తుంటే, రోజూ నాకు రెప్పలు చూపించడమెందుకు?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడిచారు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "ఇంట్లో అద్దం ఉందనుకో... అది నిక్షేపంలా ఉన్నాయనదు కదమ్మా."

నజీమా ఆయన మొహంలోకి చూసింది. లేచి కొంగు దోపుకుంది.

"నాలుగు రోజుల గడ్డం! ఇలా వస్తే ఉన్న బేరాలు కూడా పోతాయి. గీసుకుని కొట్టుకి రండి మాస్టారూ, స్టవ్ మీద టీ పెడతా."